ఏడో కిటికీ రబ్బరు

మా ఇంటి ముందు జాగాలో ఎనిమిదేళ్ళుగా ఒక వ్యాను నిలబడి ఉంది. నిలబడి ఉంది అనడం కూడా మర్యాద కోసమే. చక్రాల్లో గాలి పోయి అది ఎప్పుడో కూర్చుండిపోయింది. మా ఆయన అందులో ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపిల్లల్ని తిప్పారు. మా కార్ఖానా బస్తీ సందుల్లో తల నెరిసిన మగవాళ్ళు కొందరు ఆయన్ని చూడగానే చేతిలో సిగరెట్టు వెనక్కి దాచుకుంటారు. వాళ్ళంతా ఆ వ్యాను ఎక్కినవాళ్ళే. ఆయన పని మానుకున్న రోజున వ్యాను కూడా మానుకుంది. ఆయనైనా పేపరు చదువుతారు, పొద్దున్నే నడకకు వెళ్తారు, కూరలు తెస్తారు. వ్యాను ఏ పనీ చెయ్యదు. పైగా నేను వడియాలు పెట్టుకునే ఎండంతా అదే కాచుకుంటుంది.

అద్దాల చుట్టూ ఉండే రబ్బరును మిస్త్రీలు బీడింగు అంటారు. అది ఎండకు పెళుసెక్కి ముక్కలుముక్కలుగా రాలిపోయింది. వాన పడితే నీళ్ళన్నీ లోపలికే. పోయిన వానాకాలంలో మూడో సీటు మీద పుట్టగొడుగులు మొలిచాయి. "కూర వండుతావా?" అని మా ఆయన అడిగారు. ఆయన నవ్వులాటకే అడిగారు. నేను మాత్రం ఒక నిమిషం నిజంగానే ఆలోచించాను.

ఈ ఎండాకాలం ఆయనకు దాన్ని బాగు చెయ్యాలని బుద్ధి పుట్టింది. తుప్పు గీకించారు, రంగు వేయించారు, చక్రాలు నాలుగూ ఊడదీయించి కొత్త టైర్లకు పంపించారు. వ్యాను ఇటుకల మీదికి ఎక్కింది. ఒక సాయంత్రం అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పాను.

"ఏవండీ, ఈ ఏడు మొదటి వానకు ఆ బండి లోపల ఒక్క చుక్క పడకూడదు. పడిందా, ఆ పై సోమవారం మౌలాలి నుంచి పాత ఇనుమతను ట్రాలీ తెచ్చుకుని పట్టుకుపోతాడు. మాట్లాడి పెట్టాను."

"ఎప్పుడు మాట్లాడావు?"

"మీరు నడకకు వెళ్ళినప్పుడు."

"ఒక్క చుక్కేనా? రెండు చుక్కల దాకా ఒప్పుకోవచ్చుగా."

"ఒక్క చుక్క."

ఆయన కిటికీలోంచి వ్యాను వంక కాసేపు చూశారు. "సరే, మాట మాటే" అని, కలుపుకున్న పెరుగన్నం తినకుండా లేచిపోయారు. ఆయన పెరుగన్నం వదిలెయ్యడం నేను అంతకుముందు ఒక్కసారే చూశాను. ఆఖరి ట్రిప్పు వేసి ఇంటికొచ్చిన రోజున.

మర్నాడే మిస్త్రీని తెచ్చారు. గడ్డానికి గోరింటాకు రంగు వేసుకున్న పెద్దమనిషి. జన్మంతా బస్సులకు అద్దాలు బిగించినవాడు. ఆయన టేపు తీసి ఒక కిటికీ కొలిచి, "మూలలకు జెర ఎక్కువ పోతది. ఏడు కిటికీలకు అయినాంక ఇంకో రెండు మీటర్లు పైన తీస్కోండి" అన్నాడు.

పైన రెండు మీటర్లు ఎవరికి? నేను ఆ టేపు పక్కన పెట్టించాను. రవికె గుడ్డ దగ్గరనుంచి మంచం నవారు దాకా నేను అన్నీ జానలతోనే కొలుస్తాను. ఆ రోజు పొద్దున వేణ్ణీళ్ళలో చేతులు కాపుకుని, వేళ్ళు బాగా సాగాక ఏడు కిటికీలూ చుట్టూ జానలు వేసి కొలిచాను. తొంభై ఆరు జానలు వచ్చింది.

"టేపుకు వయసైతే సాగుతుంది. నా చెయ్యి సాగదు" అన్నాను.

"సాగది గని ముడుచుకుంటది అమ్మా" అన్నాడు మిస్త్రీ. నేను విననట్టే చేతిసంచీ అందుకున్నాను.

రాంగోపాల్‌పేట్‌లో ఒక పాత దుకాణానికి వెళ్ళి తొంభై ఆరు జానలు రబ్బరు నేనే స్వయంగా కొలిచి తీసుకున్నాను. నేను కొలిచినంతసేపూ దుకాణందారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. మా ఆయన ఈ మనిషి ఎవరో తనకు తెలియనట్టు బయటకు వెళ్ళి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు.

బిగించే పద్ధతి చూశాక నాకు మిస్త్రీ మీద కొంచెం గౌరవం కలిగింది. రబ్బరుకు రెండు పెదవులు ఉంటాయి. ఒకటి అద్దాన్ని పట్టుకుంటుంది, రెండోది వ్యాను రేకును పట్టుకోవాలి. ఆ రెండో పెదవి సందులో తాడు చుట్టి, కొసలు లోపలికి వదిలి, అద్దాన్ని బయటనుంచి ఆనించి అరచేత్తో తడతారు. లోపల కూర్చున్నవాళ్ళు తాడు మెల్లిగా లాగుతూ పోతే పెదవి రేకు మీదికి మడత పడుతూ వస్తుంది. లంగాకు బొందు ఎక్కించడం తెలిసిన ఏ ఆడదానికైనా ఇది చూడగానే అర్థమైపోతుంది. మా ఆయన లాగితే తాడు తెగింది. మళ్ళీ లాగితే మళ్ళీ తెగింది. నేను లోపలికి వెళ్ళి నా పాత లంగా బొందు తెచ్చి ఇచ్చాను. మిస్త్రీ ఆకాశం వైపు తిరిగిపోయాడు.

"ఉతికిందే" అన్నాను.

రబ్బరు జారడానికి షాంపూ కావాలన్నాడు. కుంకుడు రసం ఇచ్చాను. అది రబ్బరుకంటే ముందు ఆయన కంట్లో పడింది. "యా అల్లా, గిదేం తక్లీఫ్" అంటూ కొళాయి దగ్గరకు పరిగెత్తాడు కానీ, వచ్చాక మొదటి కిటికీ వెన్నలా దిగింది. ఆ పైన షాంపూ మాట ఎత్తలేదు. రెండు రోజుల్లో ఆరు కిటికీలు అయ్యాయి. లోపల కూర్చుని బొందు లాగింది నేనే.

ఏడోది పక్కకు జరిపే తలుపులో ఉన్న కిటికీ. శనివారం మధ్యాహ్నం దానికి రబ్బరు చుడితే జానన్నర తక్కువ వచ్చింది.

నేను నమ్మలేదు. మళ్ళీ చుట్టించాను. మళ్ళీ తక్కువే. మిస్త్రీ నా చెయ్యి వంక చూశాడు.

"ఇంట్ల కొలిచినప్పుడు చేతులు కాపుకున్నరు. దుకాణంల కాపుకున్నరా?"

కాపుకోలేదు. రాంగోపాల్‌పేట్ చేరేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. ఇంటి జాన ఒకటి, బజారు జాన ఒకటి అయ్యింది. ఆ సంగతి ఒప్పుకోకుండా వంటింట్లోకి వెళ్ళి పాత కుక్కరు రబ్బరు ఒకటి తెచ్చాను.

"అమ్మా, ఇది బండి. అన్నం గిట్ల ఉడకది ఇందుల."

"ఆవిరినే ఆపింది. వాన ఎంత?"

మిస్త్రీ మా ఆయన వంక చూశాడు. మా ఆయన నేల వంక చూశారు. కుక్కరు రబ్బరు జానన్నర కోసి, జిగురు పెట్టి అతికించారు. నేను లోపలికి ఎక్కి బొందు కొస పట్టుకున్నాను. తలుపు తెరిచి ఉంటే అద్దం కుదురుగా నిలబడడం లేదు. "తలుపు జెర మూసుకోండి అమ్మా" అన్నాడు మిస్త్రీ. నేను గట్టిగా లాగి మూశాను. ఆయన బయట తట్టాడు, నేను లోపల లాగాను, పెదవి చక్కగా మడత పడింది. ఏడో కిటికీ కూడా అయిపోయింది.

దిగుదామని లేచాను. ఆ తలుపుకు బయటి హేండిలు లేదు. మెరుగు పెట్టించడానికి మూడు రోజుల కిందటే మా ఆయన ఇచ్చి వచ్చారు. లోపలి హేండిలు అసలే లేదు, ఆరేళ్ళ కిందటే పోయింది. వెనక తలుపేమో ప్రహరీ గోడకు ఆనుకుని ఉంది. చక్రాలు లేని బండి ముందుకు జరగదు. డ్రైవరు సీటుకూ వెనక భాగానికీ మధ్య ఇనప జాలీ ఉంది. పిల్లలు ముందుకు ఎగబాకకుండా మా ఆయనే వెల్డింగ్ చేయించారు. చెయ్యి పడుతుంది, మనిషి పట్టదు.

మిస్త్రీ డ్రైవరు తలుపు తెరిచి జాలీలోంచి నన్ను చూశాడు. "పట్కారుతో తిప్పితే లోపలి ముక్క అరిగిపోతది. బీడింగ్ కోసి అద్దం తీసేద్దాం సాబ్. అయిదు నిమిషాల పని."

"కోసెయ్యి" అన్నారు మా ఆయన. మిస్త్రీ మాట పూర్తి కానేలేదు.

"కొయ్యొద్దు" అన్నాను నేను. "రేపో మాపో వాన పడేట్టుంది. పరీక్ష కాకుండా కోస్తే ఎలా? వెళ్ళి ఆ బయటి హేండిలు పట్టుకురండి."

మిస్త్రీ స్కూటరు వేసుకుని హేండిలు కోసం వెళ్ళాడు.

ఇక్కడ నేను ఒక సంగతి రాయాలి. లోపలి హేండిలు పోలేదు. మా వంటింటి అలమరా పిడి విరిగిపోతే, పనీపాటా లేని బండికి హేండిలు ఎందుకని నేనే ఊడదీసి అలమరాకు బిగించుకున్నాను. ఆ హేండిలు కోసం మా ఆయన రాణిగంజ్ దుకాణాలన్నీ ఎన్నిసార్లు తిరిగారో లెక్క లేదు. రోజూ ఆ అలమరా తెరిచి చక్కెర డబ్బా తీసుకుంటారు కానీ, చేతిలో ఉన్నది ఏమిటో ఎప్పుడూ చూడలేదు. ఒక్క మాట చెబితే నేను ఆ క్షణమే బయటికి రావచ్చు. చెప్పలేదు. ఎందుకంటే అప్పుడు టైము నాలుగు కావస్తోంది, మా చర్చి స్త్రీల సమాజం కూడిక ఆ వారం మా ఇంట్లోనే. హేండిలు దొంగను నేనేనని వాళ్ళ ముందు ఎలా ఒప్పుకోను?

ఆ కూడికకు ఎవరైనా ఆలస్యంగా వస్తే నాకు గిట్టదు. నాలుగు కొట్టగానే గేటుకు గడియ పెట్టేస్తాను. ఒకసారి సమాజం కార్యదర్శే రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, గేటు బయట నిలబడే కీర్తనలన్నీ పాడి వెళ్ళింది. అటువంటి నేను వాళ్ళందరూ వచ్చేసరికి వ్యానులో కూర్చుని ఉన్నాను.

పాస్టరమ్మగారు ముందుగా వచ్చారు. వెనక పదకొండు మంది. అందరూ అద్దాల దగ్గర ముఖాలు పెట్టి నన్ను చూశారు. పాస్టరమ్మగారి పెదవులు మా ఆయన్ని ఏదో అడుగుతున్నట్టు కదిలాయి. ఆమె ఏమడిగారో, ఈయన ఏం చెప్పారో తర్వాత తెలిసింది.

"వందనాలండీ. అమ్మగారు అందులో ఎందుకున్నారు?"

"వాన కోసం చూస్తోందండి" అన్నారట.

నేను లోపలనుంచి చేతి గడియారం చూపించాను. నాలుగయ్యింది, మొదలుపెట్టండి అని. వాళ్ళకు అర్థమయ్యింది. వరండాలో వేసిన కుర్చీలు తెచ్చుకుని వ్యాను చుట్టూ వేసుకున్నారు. కీర్తన అందుకున్నారు. నాకు బిందెలో తేనెటీగ తిరుగుతున్నట్టు వినబడింది. రబ్బరు బాగా పట్టింది అనుకున్నాను. నేనూ పాడాను. వాళ్ళు ఏ చరణంలో ఉన్నారో తెలియక నేను ఒక చరణం వెనకబడ్డాను. అందరూ నోళ్ళు మూసేశాక కూడా నా నోరు కదులుతూ ఉండడం చూసి ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఎవరో నాకు తెలుసు.

ప్రార్థన ఎప్పుడూ నేనే చేస్తాను. కళ్ళు మూసుకుని సమాజంలో ఒక్కొక్క కుటుంబం కోసం, వాళ్ళ మోకాళ్ళ నొప్పుల కోసం, పిల్లల పరీక్షల కోసం, కొంగు అడ్డం పెట్టుకున్నామె బుద్ధి కోసం వరసగా ప్రార్థన చేశాను. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి చుట్టూ ఎవరూ లేరు. కుర్చీలు మాత్రం తడుస్తున్నాయి. పైన రేకు మీద డప్పు వాయించినట్టు వాన.

ఆడవాళ్ళందరూ వరండాలో ఉన్నారు. పళ్ళాలు కూడా పట్టుకుని ఉన్నారు. మనిషికి రెండు చొప్పున గారెలు వండి ఉంచాను. కార్యదర్శి పళ్ళెంలో నాలుగు ఉన్నాయి. నేను అద్దం మీద తట్టాను. ఆమె చెయ్యి ఊపింది.

మా ఆయన తల మీద తువ్వాలు కప్పుకుని పరిగెత్తుకొచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. తలుపు వేసుకుని జాలీ వైపు తిరిగారు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆయన ముందు సీట్లో, వెనక ఒక మనిషి.

"ఏమైనా పడుతోందా?"

"ఇంకా లేదు."

"రెండో కిటికీ చూడు. వాంతులు చేసుకునే పిల్ల కూర్చునే చోటు."

"పొడిగానే ఉంది."

"నాలుగోది? అక్కడొకడు అద్దం నాకేవాడు."

"పొడిగా ఉంది. నాకేవాడు ఏమిటండీ?"

"డాక్టరయ్యాడు ఇప్పుడు."

వాన ఇంకా పెరిగింది. అద్దాల మీద నీళ్ళు పరదాలా దిగుతున్నాయి. నేను ఒక్కొక్క కిటికీ కింద చెయ్యి పెట్టి తడిమి చూసి ఆయనకు చెబుతూ పోయాను. అయిదు, ఆరు. ఆయన గొంతు కొంచెం తేలికపడింది. సీటు మీద సర్దుకుని కూర్చుని, స్టీరింగు మీద దుమ్ము తువ్వాలుతో తుడిచారు.

అప్పుడు ఏడో కిటికీ మూలన, కుక్కరు రబ్బరు అతికిన చోట, ఒక చుక్క ఉబ్బింది. దాన్ని నేను కళ్ళజోడు సవరించుకుని మరీ చూశాను. అది వెనక్కి పోతుందేమోనని కూడా చూశాను. పోలేదు. నా మణికట్టు మీద పడింది.

ఆయన రోడ్డు వైపు తిరిగి ఉన్నారు. చూడలేదు.

"పడలేదుగా?" అన్నారు.

లేదు అనడానికి ఒక్క మాట చాలు. కానీ ఇప్పుడే కదా పన్నెండు కుటుంబాల కోసం ప్రార్థన చేసి కళ్ళు తెరిచాను.

"పడింది."

"ఒకటేనా?"

"రెండోది తయారవుతోంది."

స్టీరింగును కొంచెం ఎడమకు తిప్పారు, కొంచెం కుడికి తిప్పారు. కింద చక్రాలే లేవు. "సరే. సోమవారం అతన్ని రమ్మను" అన్నారు.

"ఆ కిటికీ నా జానన్నర. అది లెక్కలోకి రాదు."

"మాట మాటే. ఒక్క చుక్క అన్నావు."

"రబ్బరు తక్కువ తెచ్చింది నేను కదా."

"వాన నువ్వు తెచ్చిన రబ్బరా, నేను తెచ్చిన రబ్బరా అని చూసి పడదు."

ఈయనకు ఇంత మొండితనం ఎక్కడినుంచి వచ్చిందా అనుకున్నాను. నలభై ఎనిమిదేళ్ళ నుంచి నా దగ్గరే కదా ఉన్నారు. ఇక వేరే దారి కనిపించలేదు. జాలీ దగ్గరకు జరిగి చెప్పాను.

"ఈ తలుపు లోపలి హేండిలు మన వంటింటి అలమరాకు ఉంది. నేనే తీశాను. బండి మీద పందెం కట్టినప్పుడు బండి మొత్తంగా లేదు. కాబట్టి పందెమే చెల్లదు."

ఆయన వెనక్కి తిరగలేదు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. ఆయన ఇటు తిరిగాక చూస్తే నవ్వుతున్నారు, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

"ఆరేళ్ళు. రాణిగంజ్‌లో నన్ను చూస్తే లేదు, లేదు, పో అని చెయ్యి ఊపేవాళ్ళు దుకాణాలవాళ్ళు."

"అలమరాకు బాగా అమరింది."

"అయితే ఇంతసేపూ ఇక్కడ ఎందుకు కూర్చున్నావు?"

"పాస్టరమ్మగారి ముందు చెప్పమంటారా?"

ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని వానలోనే వంటింటికి వెళ్ళారు. అలమరాలో నేను పదేళ్ళుగా కడిగి దాచిన పెరుగు డబ్బాలు, ఐస్‌క్రీం డబ్బాలు ఉన్నాయి. పిడి ఊడదీస్తూ గట్టిగా గుంజేసరికి అవన్నీ ఆయన మీద పడ్డాయట. వరండాలో పళ్ళాలతో సహా అందరూ లోపలికి పరిగెత్తడం నాకు కనిపించింది. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో హేండిలు ఉంది, తువ్వాలులో ఒక డబ్బా మూత ఇరుక్కుని ఉంది. జాలీ సందులోంచి హేండిలు నాకు అందించారు. బిగించి తిప్పాను. ఒక్క తిప్పుకే తలుపు జరిగింది.

దిగి వరండాలోకి వెళ్ళాను. ఎవరూ నవ్వలేదు. పాస్టరమ్మగారు మాత్రం, "అమ్మగారూ, మీ దగ్గర డబ్బాలు చాలా ఉన్నాయండీ. నాకు రెండు ఇవ్వకూడదూ?" అన్నారు.

"తిరిగి ఇచ్చేట్టయితే తీసుకోండి" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక మిస్త్రీ తడుస్తూ బయటి హేండిలు తెచ్చి బిగించి పోయాడు. మా ఆయన మళ్ళీ అడిగారు. "సోమవారం సంగతి?"

"మాట అన్నది నేను. వెనక్కి తీసుకునేదీ నేనే. ఆ ఏడోదానికి టేపుతో కొలిచి రబ్బరు తెప్పించండి."

ఆయన తలూపి వంటింట్లోకి వెళ్ళారు. పొద్దున మిగిలిన పెరుగన్నం గిన్నెతో సహా తెచ్చుకుని, వ్యాను కనబడేట్టు కూర్చుని తిన్నారు.

సోమవారం పొద్దున కూడా సన్నగా వాన పడుతూనే ఉంది. రబ్బరు ఇంకా రాలేదు. మొదటి వాన పడ్డాక వచ్చే సోమవారం రమ్మని ముందే చెప్పి ఉంచిన మౌలాలి అతనికి, రావద్దని ఫోను చెయ్యడం నేను మరిచిపోయాను. అతను ట్రాలీ వేసుకుని, తాళ్ళు, గునపాలు, ఇద్దరు మనుషులతో గేటు ముందు దిగాడు.

"ఏందమ్మా, ఎక్కడికెల్లి షురూ చెయ్యాలె?"

"చెయ్యక్కర్లేదు. బండి ఇవ్వడం లేదు."

"గదేంది? నెల రోజుల సంది గుంజుకపో గుంజుకపో అని నన్ను పరేషాన్ చేస్తిరి. ఒక్క చుక్క కారినా ఇస్తనంటిరి."

"కారడం లేదు" అనబోయి ఆగాను. అతను అప్పటికే వ్యాను దగ్గరకు వెళ్ళి తలుపు జరిపి లోపలికి తొంగి చూస్తున్నాడు. తల బయటకు తీసి నన్ను చూశాడు.

"మరి గీ కిటికీ కింద గిన్నె ఎందుకు పెట్టిన్రు?"

"గిన్నె నాది. నా గిన్నె నేను ఎక్కడైనా పెట్టుకుంటాను."

అతను గిన్నె వంక చూశాడు, నా వంక చూశాడు, వెనక నిలబడి నోరు మూసుకోవడానికి కష్టపడుతున్న మా ఆయన వంక చూశాడు. వచ్చిన ముగ్గురికీ ఉప్మా పెట్టి టీ ఇచ్చి పంపించాను. ట్రాలీ సందు మలుపు తిరిగాక మా ఆయన వ్యానులోకి తల పెట్టి, "నిండింది. పారబోసి గిన్నె లోపల పెట్టనా?" అన్నారు.

"వాన ఆగిందా?"

"లేదు."

"అయితే పారబోసి మళ్ళీ అక్కడే పెట్టండి" అన్నాను.